మూసలో పోసిన మనుషులు

ఒక ప్రాంతం వాళ్లందరినీ ఒకే మాటతో తేల్చెయ్యడాన్ని తెలుగులో మూసపోత అంటాం. ఇంగ్లిషులో దాని పేరు స్టీరియోటైప్. రెండూ పోత పనిలోంచి వచ్చిన మాటలే. 18వ శతాబ్దం చివర ఫ్రాన్సు అచ్చుశాలల్లో, కూర్చిన అక్షరాలకు మూస తీసి, అందులో లోహం పోసి పలక చేసేవారు. ఎన్ని ప్రతులైనా తియ్యొచ్చు, ఒక్క అక్షరం మార్చలేం. 1922లో వాల్టర్ లిప్‌మన్ తన 'పబ్లిక్ ఒపీనియన్' పుస్తకంలో, మనుషుల గురించి మన మనసులో ముందే అచ్చయి ఉన్న బొమ్మలకు ఈ పేరు పెట్టాడు.

మన దగ్గర ఆ మూస కంచం మీదా, నాలుక మీదా పడింది. 1952లో హైదరాబాద్ రాష్ట్రంలో జరిగిన ముల్కీ (స్థానికుల) ఉద్యమంలో 'ఇడ్లీ సాంబార్ గో బ్యాక్' అని నినదించారు. స్థానికుల కొలువులు బయటివాళ్లకు పోతున్నాయన్న బాధ నిజమైనది. దెబ్బ మాత్రం తిండికి తగిలింది. తర్వాత సినిమాలు తెలంగాణ యాసను ఏళ్ల తరబడి రౌడీలకూ హాస్యగాళ్లకూ అంటగట్టాయి.

న్యాల్‌కల్ సంగతి చూస్తే ఈ ముద్రలు ఎంత పైపైవో తెలుస్తుంది. 1956 అక్టోబరు 31 దాకా న్యాల్‌కల్ సర్కిల్ బీదర్ తాలూకాలోది. మర్నాడు రాష్ట్రాల పునర్విభజనతో అది మెదక్ జిల్లాలో, ఆంధ్రప్రదేశ్‌లో చేరింది. బీదర్ మైసూరు రాష్ట్రానికి పోయింది. తెల్లారేసరికి ఇరుగుపొరుగు ఊళ్లకు వేరువేరు రాష్ట్రాల పేర్లు పడ్డాయి. పొయ్యి దగ్గర ఏమీ మారలేదు. జొన్నపిండిలో వేడినీళ్లు పోసి పిసికి, అరచేత్తో తట్టి, పెనం మీద వేసి, పైన తడిచెయ్యి రాసే పని అటూ ఇటూ ఒకటే.

మరి 'రొట్టె తినేవాళ్లు', 'ఆ యాసవాళ్లు' లాంటి మాటలు ఎందుకు గుచ్చుకుంటాయి? రొట్టె తింటామన్నది నిజమే, యాస మనదే. అంతకుమించి నీ దగ్గర చూడాల్సింది ఏమీ లేదన్నట్టు మాట్లాడితేనే మండుతుంది. కొలువు ఇచ్చేవాడో, తెర మీద బొమ్మ చూపించేవాడో ఆ మాట అంటే మంట రెట్టింపవుతుంది.

బీదర్‌లో బిద్రీ అనే లోహపు పని చేసేవాళ్లు మట్టి మూసలో జింకు, రాగి కరిగించి పోస్తారు. మూసలోంచి వచ్చేది వట్టి కూజా. దాని మీద ఉలితో లతలు చెక్కి, గాడుల్లో వెండి తీగ కొట్టి, బీదర్ కోట మట్టి కలిపిన ద్రావణంతో నలుపెక్కిస్తే అప్పుడు వెండి మెరుస్తుంది. ఏ రెండు కూజాల చెక్కడమూ ఒకేలా ఉండదు. మనిషిని చూడడమంటే ఆ చెక్కడం దాకా చూడడం.