రికార్డులో పేరు లేని పచ్చదనం

ఈ ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర విషయం రాయమని సంఘం వారు అడిగారు. బాయి ముచ్చట్లు రాసేవారు మనలో చాలామంది ఉన్నారు గనుక నేను బాయి పైన ఉండే నేల గురించి రాస్తున్నాను.

మన నస్పూర్ ఎంత మారిందో అందరం చూస్తున్నాం. 2016లో మంచిర్యాల జిల్లా ఏర్పడింది. 2018లో నస్పూర్ మున్సిపాలిటీ అయింది. 2023లో కలెక్టరేటు కొత్త భవనాలు ఇక్కడే ప్రారంభమయ్యాయి. 2025లో మన ఊరు మంచిర్యాల కార్పొరేషన్‌లో కలిసింది. ఆఫీసులు వచ్చిన చోటికి రోడ్లు వస్తాయి, రోడ్ల వెంట ప్లాట్లు వస్తాయి. రిటైరైన డబ్బుతో ఇళ్ళు కట్టుకున్నవాళ్ళం మనమే గనుక పట్టణం పెరగడాన్ని మనం తప్పు పట్టలేం. అయితే పెరిగే పట్టణంలో పచ్చని నేల దేని బలంతో నిలుస్తుందో తెలుసుకోవాలి. ఇందుకు మన పిల్లలు చాలామంది ఉద్యోగాలు చేస్తున్న హైదరాబాదులో జరిగిన మూడు సంగతులు చెబుతాను.

మొదటిది కాసు బ్రహ్మానందరెడ్డి పార్కు. జూబ్లీహిల్స్‌లో చిరాన్ ప్యాలెస్ చుట్టూ ఉన్న అడవిని 1998లో జాతీయ వనంగా ప్రకటించారు. చుట్టూ భూముల ధరలు ఎంత పెరిగినా లోపలి అడవి ప్లాట్లు కాలేదు. 2016లో పార్కు చుట్టూ ఫ్లైఓవర్ల కోసం చెట్లు కొట్టే ప్రతిపాదన వచ్చినప్పుడు నగరవాసులు రోడ్డు మీదికి వచ్చారు. తగాదా హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్ళింది.

రెండవది జంట జలాశయాల సంగతి. 1908 మూసీ వరదల తర్వాత ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టారు. వాటి నీరు చెడకుండా 1996 మార్చి 8న ప్రభుత్వం జి.ఓ. 111 ఇచ్చింది. చుట్టూ 10 కిలోమీటర్ల పరిధిలో, 84 గ్రామాలలో, కాలుష్యం కలిగించే పరిశ్రమలూ పెద్ద కట్టడాలూ రాకూడదన్నది దాని సారాంశం. ఆ పరిధిలో ఒక నూనె ఉత్పత్తుల కర్మాగారం పెట్టబోతే 2000లో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. మరోవైపు ఆ గ్రామాల రైతులు తమ భూములకు ధర రాకుండా పోయిందని ఏళ్ళ తరబడి మొరపెట్టుకున్నారు. అదీ న్యాయమైన బాధే. 2022 ఏప్రిల్‌లో జి.ఓ. 69 తో ఆ ఆంక్షలు తొలగించారు. ఒక జి.ఓ. ఇచ్చిన రక్షణను మరో జి.ఓ. తీసేసింది.

మూడవది కంచ గచ్చిబౌలి. కంచ అంటే పశువులు మేసే బీడు అని మన వాళ్ళకు చెప్పనక్కరలేదు. 1970లలో సెంట్రల్ యూనివర్సిటీకి ఇచ్చిన భూములలో 400 ఎకరాలను 2003లో క్రీడా ప్రాజెక్టు పేరిట ఒక ప్రైవేటు సంస్థకు కేటాయించారు, 2006లో రద్దు చేశారు. కోర్టులో ఏళ్ళ తరబడి నడిచిన వ్యాజ్యం 2024లో ప్రభుత్వం పక్షాన తేలింది. పెట్టుబడులు, ఉద్యోగాలు వస్తాయని ప్రభుత్వం చెప్పింది. 2025 మార్చి చివర యంత్రాలు దిగి చెట్లు కూల్చసాగాయి. విద్యార్థులు అడ్డుపడ్డారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు పనులు ఆపించింది. అది అడవిగా రికార్డు కాలేదని ఒక వాదన. రికార్డు ఎట్లా ఉన్నా, యజమాని ఎవరైనా, అడవి లక్షణాలుంటే అడవే అని 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు గోదావర్మన్ కేసులో చెప్పింది కదా అని ఎదుటి వాదన.

మూడింటినీ పక్కపక్కన పెట్టి చూడండి. పార్కుకు చట్టంలో పేరు ఉంది, నిలిచింది. జలాశయాలకు ఒక ఉత్తర్వు ఉంది, అది మారిపోయింది. కంచకు ఏ పేరూ లేదు, చెట్లు కూలాక గాని కోర్టు ఆపలేకపోయింది.

ఇప్పుడు మన సంగతి. అండర్‌గ్రౌండ్ బాయి ఉన్నచోట పైన నేల చాలావరకు అట్లాగే ఉంటుంది. ఓపెన్‌కాస్టులో ముందు పై నేలే పోతుంది, పక్కన మట్టి గుట్టలు లేస్తాయి. కంపెనీ ఆ గుట్టల మీద మొక్కలు పెంచుతున్నది, ఆ మాట చెప్పుకోవాలి. 1980 అటవీ సంరక్షణ చట్టం కింద గనికి ఇచ్చిన అడవి భూమి చట్టం దృష్టిలో అడవిగానే ఉంటుంది. కాని రైతుల దగ్గర కొన్న భూములు, కాలనీల మైదానాలు, క్వార్టర్ల మధ్య మనం నాటిన వేపలు, కానుగలు ఏ రికార్డులోనూ అడవి కావు. బాయి మూతపడి క్వార్టర్లు ఖాళీ అయిన రోజున కాగితం మీద అవన్నీ ఖాళీ జాగాలే.

2009 నుండి బొగ్గు గనులకు మూసివేత ప్రణాళిక తప్పనిసరి. మూతపడ్డాక ఆ నేల ఏం కావాలో అందులో రాయాలి. పట్టణానికి మాస్టర్ ప్లాన్ తయారైనప్పుడు ప్రజల అభ్యంతరాలు అడుగుతారు. ఈ రెండు కాగితాలూ చదివి, ఫలానా మైదానం, ఫలానా చెట్ల తోపు పార్కుగా రాయండి అని అర్జీ పెట్టే తీరిక మన పెన్షనర్లకే ఉంది. ఏ జాగాలో ఏముండేదో మనకే గుర్తుంది. మన తర్వాత అది చెప్పేవాళ్ళు ఉండరు.

కనుక సభ్యులందరూ తమ కాలనీలోని పచ్చని స్థలాల జాబితా రాసి సంఘానికి అందజేయవలసిందిగా నా మనవి. యంత్రాలు రాకముందే ఆ జాగాలకు కాగితం మీద పేరు పెట్టించుకుందాం.