పిడుదు తెచ్చిన జ్వరము

నేడొక చిన్న పురుగును గూర్చి ముచ్చటింపదలచితిని. పశువు చెవిలోను, పొదుగు సందునను పట్టుకొని నెత్తురు త్రాగు ఈ పురుగును మా హఫీజ్‌పేట్ వైపు పిడుదు అందురు. కోస్తాలో గోమారి అందురు. బాల్యమున నేను దూడ చెవులనుండి వీనిని పీకి నిప్పులో వేసెడివాడను. ఇవి వ్యాధిని మోయునని నాడెరుగను.

ఆ సంగతిని ముందుగా శంకించినవారు పండితులు కారు, అమెరికాలోని పశువుల కాపరులు. దక్షిణమునుండి తోలుకొనివచ్చిన మందలు చూపునకు ఆరోగ్యముగనే యుండెడివి. అవి మేసిన బీటిలో ఉత్తరపు పశువులు జ్వరపడి చచ్చెడివి. పిడుదులే కారణమని కాపరులనగా చదువుకొన్నవారు నవ్విరి. థియోబాల్డ్ స్మిత్, కిల్బోర్న్ అను ఇరువురు మాత్రము నవ్వక పరీక్షించిరి. పిడుదులను చేతితో ఏరివేసిన దక్షిణపు పశువులతో కలిపిన ఉత్తరపు పశువులకేమియు కాలేదు. మరియొక బీటిలో దక్షిణపు పశువులను విడువక పిడుదులను మాత్రమే చల్లగా, అచ్చటి పశువులకు జ్వరము వచ్చెను. 1893లో వారు దీనిని ప్రకటించిరి. నాలుగేండ్లకు, 1897లో, మన బేగంపేటలో రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొనెను. హఫీజ్‌పేట్‌లో సికింద్రాబాదు రైలెక్కినవారికి ఆ బేగంపేట దారిలోనే తగులును.

మన నాటు పశువులు ఇట్టి జ్వరములను తరతరములుగా ఓర్చుకొన్నవి. గత శతాబ్దపు ఉత్తరార్ధమున పాలకొరకు జెర్సీ, ఫ్రీజియన్ సంకరజాతులు వచ్చిన పిమ్మట థైలీరియా జ్వరము పెద్ద నష్టమైనది. భుజము ముందరి బిళ్ళ ఉబ్బును, జ్వరము దిగదు, నెత్తురు పలుచబడును. బుపార్వాక్వోన్ అను మందు తొలిదినములలో పొడిచినచో పనిచేయును, ఆలస్యమైన కష్టమే.

హఫీజ్‌పేటకు దాపున గచ్చిబౌలిలో, జాతీయ పాడి అభివృద్ధి మండలి 1982లో స్థాపించిన ఇండియన్ ఇమ్యునలాజికల్స్ వారు దీనికి రక్షావాక్-టి అను టీకా చేసిరి. క్రిమిని ప్రయోగశాలలో మరలమరల పెంచి, దాని తీవ్రత తగ్గించి చేసినది. సజీవమగుటచే ద్రవనత్రజనిలో, సున్నకు 196 డిగ్రీలు దిగువన, నిలుపవలెను. అట్టి పాత్ర చేరని పల్లెకు టీకాయు చేరదు.

ఇక పిడుదు సంగతి. ఈ జ్వరమును మోయు పిడుదు ఎల్లప్పుడు పశువునే అంటిపెట్టుకొని యుండదు. నెత్తురు త్రాగి రాలి, కొట్టపు గోడ పగుళ్ళలో దాగి, కుబుసము విడిచి, వేరొక పశువునెక్కును. చిన్ననాడు ఒకదానినుండి పీల్చిన క్రిమిని అప్పుడు దీనికంటించును. కనుక ఆ పగుళ్ళను మట్టితో మెత్తి సున్నము కొట్టుడు. క్రొత్త ఆవును కొన్నచో, మందలో కలుపకముందే దాని చెవుల లోపల, తోక క్రింద వ్రేలు పెట్టి చూడుడు.