సాంస్కృతికాంతర సంఘర్షణ నిర్వహణ (పీజీ విద్య)

భాష, మతం, జాతి వేరైన సమూహాల మధ్య తలెత్తే వివాదాల మూలాలను, పరిష్కార పద్ధతులను పీజీ స్థాయిలో బోధించే అధ్యయన రంగం. దీని పునాదుల్లో ముఖ్యమైనవి శాంతి అధ్యయనాలు. 1959లో నార్వే సామాజిక శాస్త్రవేత్త యోహాన్ గాల్టుంగ్ చొరవతో ఓస్లోలో శాంతి పరిశోధన సంస్థ ఏర్పడింది. 1973లో బ్రిటన్‌లోని బ్రాడ్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం క్వేకర్లనే క్రైస్తవ వర్గం తోడ్పాటుతో శాంతి అధ్యయనాలకు ప్రత్యేక శాఖ తెరిచింది. ఆ శాఖ తొలి ఆచార్యుడు ఆడమ్ కర్ల్. ఈ రంగపు కోర్సుల్లో మధ్యవర్తిత్వం, సంప్రదింపులు, క్షేత్ర పరిశోధన సాధారణ పాఠ్యాంశాలు. శాంతి అధ్యయన పండితుడు జాన్ పాల్ లెడరాక్ 1995 నాటి గ్రంథంలో రెండు శిక్షణ విధానాలను వేరుచేశాడు: నిపుణుడు సిద్ధంగా తెచ్చిన నమూనాను నేర్పడం ఒకటి, స్థానికుల సామెతలు, కథలు, ఆచారాల నుంచే పద్ధతిని వెలికితీయడం మరొకటి. ఈ తేడా ఎందుకు ముఖ్యమంటే, ఎదురెదురుగా కూర్చుని తేల్చుకునే పాశ్చాత్య పద్ధతి, పెద్దమనుషుల ద్వారా కబురు నడిపే సమాజాల్లో పరువు తక్కువగా తోచవచ్చు. రంగం పేరులో ‘నిర్వహణ’ ఉన్నా, లెడరాక్ ఎంచుకున్న మాట ‘పరివర్తన’.