వై క్రోమోజోము పరిణామం

క్షీరదాల్లో మగ లింగాన్ని నిర్ణయించే క్రోమోజోము వై. ఆడజీవికి రెండు ఎక్స్‌లు, మగజీవికి ఒక ఎక్స్, ఒక వై ఉండటం సాధారణ నియమం. మనిషి ఎక్స్‌లో సుమారు 15.5 కోట్ల డీఎన్ఏ అక్షరాలుంటే, వైలో 6.2 కోట్లే ఉన్నాయి. ఒకప్పుడు ఈ రెండూ సరిసమానమైన మామూలు జంట. ఈ వాదాన్ని జన్యుశాస్త్రవేత్త సుసుము ఓనో 1967లో తన పుస్తకంలో విపులంగా నిలబెట్టారు.

దాదాపు 18 కోట్ల ఏళ్ల కిందట ఆ జంటలో ఒకదాని మీదున్న సాక్స్3 జన్యువు మార్పు చెంది ఎస్ఆర్‌వై అయింది. పిండంలో వృషణాలు ఏర్పడేలా చేసేది ఇదే. 1990లో దీన్ని గుర్తించారు. మరుసటి ఏడాది రెండు ఎక్స్‌లున్న ఎలుక పిండంలో దీన్ని చేరిస్తే అది మగ ఎలుకగా పెరిగింది.

క్రోమోజోముల జంటలు ముక్కలు మార్చుకుంటూ దెబ్బతిన్న జన్యువులను వదిలించుకుంటాయి. వైలో కొన్ని భాగాలు తలకిందులు కావడంతో ఎక్స్‌తో ఈ మార్పిడి అంచెలంచెలుగా ఆగిపోయింది. శాస్త్రవేత్తలు బ్రూస్ లాన్, డేవిడ్ పేజ్ 1999లో మనిషి ఎక్స్‌పై ఈ అంచెలను నాలుగు పొరలుగా గుర్తించారు. మార్పిడి ఆగిన చోట లోపాలు పేరుకున్నాయి. తొలినాటి జన్యువుల్లో నేడు మనిషి వైలో మిగిలినవి నూటికి మూడే.

అంతమాత్రాన వై క్షీణించిపోతోందనుకోవడం తొందరపాటు. నష్టంలో ఎక్కువ భాగం మొదట్లోనే వేగంగా జరిగింది. రీసస్ కోతితో దారులు వేరైన 2.5 కోట్ల ఏళ్లలో మనిషి వై పోగొట్టుకున్న పాత జన్యువు ఒక్కటేనని 2012లో తేలింది. మిగిలినవి ఎందుకు నిలిచాయన్నది అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న. వాటిలో చాలావరకు గుండె, మెదడు సహా శరీరమంతటా ఇతర జన్యువుల పనిని నియంత్రిస్తాయి. వాటికి ఎక్స్‌పై ఒకటి, వైపై ఒకటిగా రెండు ప్రతులూ అవసరం. వై అంటే మగతనానికి సంబంధించినది మాత్రమే అన్న అభిప్రాయాన్ని ఇది మార్చేసింది. శుక్రకణాల తయారీకి కావలసిన మరికొన్ని జన్యువులు అద్దంలో బింబంలా ఎదురెదురు జంటలుగా ఉండి, ఒకదాన్ని చూసి మరొకటి సరిదిద్దుకుంటాయి. ఆ అమరికే ఒక్కోసారి పెద్ద ముక్కలు ఊడిపోవడానికి, పురుషుల్లో సంతానలేమికి కారణమవుతుంది.

వై పోతే మగజీవులు పుట్టవన్న భయానికి ఆధారం లేదు. జపాన్‌లోని అమామి ఓషిమా దీవి ముళ్ల ఎలుకల్లో వై, ఎస్ఆర్‌వై రెండూ లేవు; ఆడ, మగ రెండిటికీ ఒక్క ఎక్సే. వృషణాలు ఏర్పడటంలో పాత్ర ఉన్న సాక్స్9 జన్యువుకు దగ్గరలో సుమారు 17,000 అక్షరాల డీఎన్ఏ ముక్క మగవాటిలో మాత్రమే రెట్టింపై ఉందని 2022లో అసాటో కురోయివా బృందం కనుగొంది.