అల్లోపియాస్ గ్రాసిలే

అల్లోపియాస్ గ్రాసిలే నేలపై జీవించు ఒక చిన్న నత్త. ఇది మొలస్కా వర్గములో అకాటినిడే కుటుంబమునకు చెందినది. భారతదేశమునందలి తోటలలో, పెరళ్ళలో, రాలిన ఆకుల క్రింద కనిపించు అతి సాధారణ నేలనత్తలలో ఇది ఒకటి. చూచుటకు ఎండిన గడ్డిపరక ముక్కవలె ఉండుటచే సాధారణంగా ఎవరి దృష్టికి రాదు.

పేరు, వర్గీకరణ

బెంగాల్ సైన్యములో అధికారిగా పనిచేసిన థామస్ హటన్ 1834లో ఈ జాతిని బ్యూలిమస్ గ్రాసిలిస్ అను పేరుతో తొలిసారి వర్ణించాడు. ఆ వర్ణన బెంగాల్ ఏసియాటిక్ సొసైటీ పత్రికలో వెలువడినది. లాటిన్ భాషలో గ్రాసిలిస్ అనగా సన్ననిది అని అర్థము. తరువాతి కాలములో దీనిని ఓపియాస్, లామెల్లాక్సిస్ ప్రజాతులలో చేర్చిరి. 1935లో హెచ్. బి. బేకర్ అల్లోపియాస్ ప్రజాతిని ఏర్పరచెను.

లక్షణాలు

గుల్ల పొడవు సాధారణంగా 7 నుండి 10 మి.మీ., వెడల్పు సుమారు 3 మి.మీ. ఉంటుంది. గుల్ల కదురువలె సన్నగా, కొనదేరి, లేత పసుపు రంగులో పారదర్శకంగా ఉంటుంది. ఇది ఊపిరితిత్తి గదితో శ్వాసించును. అనేక మంచినీటి గుల్లలకు ఉండు మూత దీనికి లేదు. తలపై రెండు జతల స్పర్శశృంగాలు కలవు. పై జత కొనలయందు కన్నులు ఉంటాయి. ఇది ద్విలింగ జీవి. గుడ్లకు సున్నపు పెంకు ఉంటుంది. ఒక్కొక్కసారి పారదర్శకమైన గుల్లగుండా లోపలి గుడ్లు కనిపిస్తాయి.

ఆవాసము

తేమ, నీడ, కుళ్ళిన ఆకులు, సున్నము - ఈ నాలుగు ఉన్నచోట ఇటువంటి నత్తలు జీవించును. రాళ్ళ క్రింద, పూలకుండీల అడుగున, పెంటకుప్పల అంచులలో వీటిని చూడవచ్చును. గుల్ల నిర్మాణమునకు కాల్షియం అవసరము కనుక నేల స్వభావము ముఖ్యమైనది.

ఉత్తర తెలంగాణ ఇందుకు మంచి ఉదాహరణ. 2016 అక్టోబరు 11న పాత కరీంనగర్ జిల్లా నుండి ఏర్పడిన జగిత్యాల, రాజన్న సిరిసిల్ల జిల్లాలలో గ్రానైటు శిలలనుండి ఏర్పడిన ఎర్ర చల్క నేలలు విస్తారముగా కలవు. ఇవి సున్నము తక్కువగా ఉండి, త్వరగా ఆరిపోవు నేలలు. రేగడి నేలలలో సున్నపు గడ్డలు దొరకును, తేమ ఎక్కువ కాలము నిలుచును. జగిత్యాల, కోరుట్ల పరిసరాలలోని మామిడి తోటలు, పసుపు చేలు, కాలువ గట్లు, సిరిసిల్ల వద్ద మానేరు ఒడ్డు వంటి చోట్ల వేసవిలోను కొంత తేమ మిగులును. సున్నము వేసిన పాత మట్టిగోడల అడుగుభాగము కూడ చిన్న నత్తలకు కాల్షియం అందించగలదు. ఎండాకాలమున ఇవి మట్టిలోనికి చేరి నిద్రాణస్థితిలో ఉండి, తొలకరి వానలతో తిరిగి బయటకు వచ్చును. రాలిన ఆకులను పూర్తిగా ఊడ్చి తగులబెట్టినచో ఈ ఆశ్రయము నశించును.

ఆహారము, శత్రువులు

కుళ్ళుచున్న ఆకులు, శైవలాలు దీని ప్రధాన ఆహారము. అందుచేత ఆకులు ఎరువుగా మారుటకు ఇది తోడ్పడును. హటన్ అదే 1834లో వర్ణించిన హట్టోనెల్లా బైకలర్ అను మరియొక చిన్న నత్త మాంసాహారి. అది ఇతర చిన్న నత్తలతోపాటు దీనిని కూడ వేటాడి తినును.

వ్యాప్తి

నేడు ఈ జాతి ఉష్ణమండల దేశములలో చాలావరకు వ్యాపించినది. మొక్కల వేళ్ళ మట్టితో ఇది ఒకచోటినుండి మరియొకచోటికి చేరును. దీని పుట్టిల్లు అమెరికా ఖండమని కొందరు భావించిరి. అయితే పసిఫిక్ ద్వీపములలో ఐరోపావాసుల రాకకు పూర్వపు పురావస్తు పొరలలో దీని గుల్లలు లభించినవి. ప్రాచీన నావికులు తమ పంట మొక్కలతోపాటు తెలియకనే దీనిని తీసుకొనిపోయిరని ఇందువలన తెలియుచున్నది.

ఆఫ్రికా నత్తతో పోలిక

పంటలకు తీవ్ర నష్టము కలిగించు పెద్ద ఆఫ్రికా నత్త కూడ అకాటినిడే కుటుంబమునకే చెందినది. దానిని 1847లో విలియం బెన్సన్ మారిషస్ నుండి కలకత్తాకు తెచ్చెను. దాని పిల్లల గుల్ల వెడల్పుగా, ఉబ్బెత్తుగా ఉండును. అల్లోపియాస్ గుల్ల సూదివలె సన్నగా ఉండును. నత్తలను చంపు మందులు ఈ భేదమును ఎంచవు. కావున మందు చల్లుటకు ముందు గుల్ల ఆకారమును పరిశీలించుట మంచిది.