పీట మీద పేచీలు

"మావాడు ఏదీ తినడండీ, కూరలో ముక్కలన్నీ ఏరి పక్కన పెడతాడు" అని తల్లులు వాపోతుంటే నాకు నవ్వొస్తుంది. ఏరి పక్కన పెట్టడం మన వంశాచారమే కదా! వాడి ముత్తాతలు ముక్కల్నే కాదు, మనుషుల్ని కూడా ఏరి పక్కన పెట్టి మరీ భోంచేశారు.

విజయనగరం బజారులో ఓసారి బుట్టల పేర్లు వినండి. బంగాళాదుంప. అది బంగాళం వైపు నుంచి మనకొచ్చిందని పేరే చెబుతోంది. రాయలసీమ వాళ్ళకది ఉర్లగడ్డ, తెలంగాణ వాళ్ళకి ఆలుగడ్డ. ఇటువైపు పాతకాలపు వాళ్ళు టమాటాని రామ్ములక్కాయ అంటారు. ఊరూ పేరూ తెలియని పరాయి పండుని కొరకడానికి జంకి, రాముడి పేరు తగిలించి ధైర్యం తెచ్చుకున్నారేమోనని నా ఊహ. పలాస జీడిపప్పుంది చూశారూ, దాని పుట్టిల్లు బ్రెజిల్. పదహారో శతాబ్దంలో పోర్చుగీసు వాళ్ళు తెచ్చిన చెట్టది. మనకి తెలిసిన జీడి, మనకి తెలిసిన మామిడి కలిపి జీడిమామిడి అన్నాం. ఇప్పుడు అది పడకపోతే చక్రపొంగలి దేవుడికే రుచించదు. మిరపకాయ కూడా అమెరికా నుంచి వచ్చిందే. అంతకుముందు మన ఊరగాయలకి ఆ ఎరుపు ఎక్కడిది?

ఈ కొత్త రుచులకి పూర్వం మన వంటిల్లు ఎలా ఉండేదో చూడాలంటే పుస్తకాలు తిరగెయ్యక్కర్లేదు. ఆచారం గట్టిగా పట్టుకున్న ఇళ్ళల్లో తద్దినం వంట చూడండి. కారానికి మిరియాలే, మిరపకాయ ఉండదు. బంగాళాదుంప, టమాటా, క్యాబేజీ గడప దాటి లోపలికి రావు. అరటికాయ, కంద, పెసరపప్పు, నువ్వులు, అంతే. మనం అలవాటు పడ్డాం కానీ, పితృదేవతలు మాత్రం నాలుగొందల ఏళ్ళుగా పేచీ పెడుతూనే ఉన్నారన్నమాట.

కూరల పేచీ ఏదోలా తీరింది. ఎవరు వండారు, పక్క పీట మీద ఎవరు కూర్చున్నారు అన్న పేచీ అంత తేలిగ్గా తీరలేదు.

1892లో ఈ ఊళ్ళోనే మొదటిసారి ఆడిన కన్యాశుల్కంలో పూటకూళ్ళమ్మ మీకు గుర్తుండే ఉంటుంది. చీపురుకట్ట పుచ్చుకుని గిరీశం కోసం వచ్చిన మనిషిగా తల్చుకుని నవ్వుతాం గానీ, ఆవిడ వృత్తి గురించి ఆలోచించం. హోటళ్ళు లేని రోజులవి. కచేరీ పని మీద వచ్చిన ఆచారపరుడు డబ్బిచ్చి తినాలంటే తన కులం వాళ్ళు నడిపే పూటకూళ్ళ ఇంటికే వెళ్ళాలి. వండేది చాలాచోట్ల ఏ దిక్కూ లేని వితంతువు. ఊరందరికీ వండి వడ్డించిన ఆ మనిషికి ఆచారం ప్రకారం రాత్రిపూట అన్నం లేదు, కూరలో ఉల్లిపాయ లేదు. ఆవిడకేది ఇష్టమో ఎవరూ అడిగి ఉండరు.

తర్వాత గురజాడవారే ఇంకో విందు గురించి రాశారు. అప్పట్లో మద్రాసు రాజధానిలో ఉన్న బరంపురంలో, కులాలు కలిసి ఒకే పంక్తిన కూర్చున్న విందది. 1910లో, హేలీ తోకచుక్క కనిపించిన ఏడాదే, 'ముత్యాల సరములు' అచ్చయింది. విందు చేసి వచ్చిన భర్త, మనసు కష్టపెట్టుకున్న భార్య, ఆకాశంలో తోకచుక్క. పండితులు అందులో కొత్త ఛందస్సుని మెచ్చుకుంటారు, మెచ్చుకోవలసిందే. నేను మాత్రం ఆ భార్య దగ్గరే ఆగిపోతాను. ఆవిణ్ణి ఛాందసురాలని తీసిపారెయ్యడానికి నాకు మనసొప్పదు. భర్త భోంచేసి వచ్చేశాడు, బాగానే ఉంది. వెలివేస్తే పేరంటానికి పిలుపు రానిది ఎవరికి? పిల్లకి కుదిరిన సంబంధం తప్పిపోతే నూతి దగ్గర మాటలు పడేదెవరు?

కాఫీ హోటళ్ళు వచ్చాక కూడా బ్రాహ్మలకి వేరే గది, తక్కినవాళ్ళకి వేరే గది ఉన్న చోట్లు కొల్లలు. కొందరికైతే గుమ్మం బయటే. చివరికి 1950లో రాజ్యాంగమే పూనుకుని, కులం పేరు చెప్పి హోటళ్ళలోకి ఎవరినీ రావద్దనకూడదని 15వ అధికరణంలో రాయవలసి వచ్చింది. ఇడ్లీ తినడానికి రాజ్యాంగం కావలసి వచ్చిందంటే నవ్వాలో ఏడవాలో!

మా పెద్దత్తగారు ఎనభై ఏళ్ళు దాటాక తొలిసారి విశాఖపట్నంలో ఓ పెద్ద హోటలు మెట్లెక్కారు. మనవరాలు పుట్టగొడుగుల సూపు తెప్పించింది. ఆవిడ వడ్డించే కుర్రాణ్ణి నిలబెట్టి, "ఎవరు వండేరు నాయినా?" అని అడిగారు. మా గుండెలు జారిపోయాయి. అతను వంటాయన పేరు చెప్పాడు. మనింటి పేరు కాదది, మన మతం పేరూ కాదు. ఆవిడ కాసేపు గిన్నె కేసి చూసి, చెంచాతో ఓ గుక్క తాగారు. మళ్ళీ ఓ గుక్క తాగారు.

"మిరియం బాగా పడింది. అచ్చం తద్దినం నాటి చారే" అన్నారు. "ఆ అబ్బాయిని ఇంకో గిన్నె పోయమనవే."