త్రికాస్థి: చెయ్యి చెప్పేదెంత?

ఎముకను తడిమి జబ్బు చెప్పడం అనగానే మనకు పుత్తూరు కట్టు గుర్తొస్తుంది. అది 1881లో మొదలైందంటారు. అంతకు ఏడేళ్ల ముందే, 1874లో, అమెరికాలో ఆండ్రూ టేలర్ స్టిల్ ఆస్టియోపతిని ప్రకటించాడు. రెండింటికీ సంబంధం లేదు, కానీ చేతి మీద నమ్మకం ఒకటే.

విరిగిన చెయ్యైతే వాపు, వంకర తెలిసిపోతాయి. నడుము కింద ఉండే త్రికాస్థి అలా కాదండీ. కటి ఎముకల మధ్య బిగుసుకుని ఉంటుంది, కదలిక చాలా స్వల్పం. నడిచేటప్పుడు అది ఏ ఇరుసుల మీద తిరుగుతుందో 1958లో ఫ్రెడ్ మిచెల్ ఒక లెక్క చెప్పాడు. ఆ పద్ధతిలోనే వైద్యుడు రోగిని కూర్చోబెట్టి, ముందుకు వంచి, బొటనవేళ్లతో ఎత్తుపల్లాలు చూస్తాడు.

తీరా పరీక్షించి చూస్తే, ఒకే రోగి మీద ఇద్దరు వైద్యుల వేళ్లు తరచూ ఒకే మాట చెప్పలేదు! అందుకే ఇప్పుడు నొప్పి రేపే పరీక్షలు కొన్ని కలిపి చూస్తున్నారు.

నడుము నొప్పితో పాటు జ్వరం వచ్చినా, కాళ్లు తిమ్మిరెక్కినా, మూత్రం ఆగినా, భద్రాచలం అడవి అంచున ఉన్నా సరే, ముందు ఆస్పత్రికే వెళ్లండి.